బోర్డు వెనక కుర్చీ

చనిపోయినవాడి కుర్చీలో కూచోవాలా వద్దా అని డిటెక్టివ్ కాసేపు తటపటాయించి, చివరికి దాని పక్కన గొంతుక్కూచున్నాడు. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. ఈ వయసులో ఈ పాట్లు మీకవసరమా అని అడిగే మనిషి ఇంట్లో లేదు కాబట్టి ఆ ప్రశ్న తనే వేసుకుని, జవాబు చెప్పుకోకుండా పని మొదలుపెట్టాడు.

ఇనప కుర్చీ. సీటు మీద మడతపెట్టిన పాత దుప్పటి, దాని అంచున ఎండిన నెత్తురు. కుర్చీ నాలుగు కాళ్ళూ మట్టిలో నాలుగు గుంటలు చేసుకుని, ఇక లేచేది లేదన్నట్టు దిగబడి ఉన్నాయి. అలాంటి గుంటలు ఒక పూటలో పడవు. ఒకే మనిషి ఒకే చోట ఏళ్ళ తరబడి కూచుంటే పడతాయి. కుర్చీకి ఎదురుగా, కూచున్న మనిషి తల దాగేంత ఎత్తున ప్లైవుడ్ బోర్డు నిలబెట్టి ఉంది. ఆ బోర్డులో సరిగ్గా మెడ ఎత్తున చిటికెనవేలు కూడా దూరని కన్నం ఒకటి. కన్నానికి కన్ను ఆనించి చూస్తే వంద మీటర్ల అవతల షూటర్లు కూచునే వరండా కనిపిస్తోంది.

"అయిందా, డిటెక్టివ్ గారూ?"

వెనక నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ ఆ 'గారు'ని నొక్కి మరీ పలికాడు. అతను డిటెక్టివ్‌కి స్వయానా బావమరిది. నాలుగేళ్ళ కిందటి వరకూ "బావా, బావా" అంటూ వెంట తిరిగి, వంటింట్లో దూరి అక్క కలుపుకున్న కాఫీ లాక్కుని తాగినవాడే. అక్క ఆస్పత్రిలో కన్నుమూసినరోజు బావ ఏదో కేసు పట్టుకుని వేరే ఊళ్ళో ఉన్నాడు. అక్క పక్కన లేనివాడు నాకు బావ కాడని ఆ రోజే తెగతెంపులు చేసుకున్నాడు. అప్పట్నించీ ఇద్దరి మధ్యా మర్యాద ఒక్కటే మిగిలింది. తిట్టినా పడేవాడు గానీ, ఈ మర్యాదే డిటెక్టివ్‌కి మింగుడుపడటం లేదు.

"ఇంకో అయిదు నిమిషాలు," అన్నాడు.

"అయిదేళ్ళు కూచున్నా ఇక్కడ కొత్తగా దొరికేదేం లేదు. సాయంత్రం ఆ అమ్మాయిని కోర్టులో హాజరుపెడుతున్నా. అక్కణ్ణించి జైలు. మీరు ఇంటికెళ్ళి పడుకోండి."

"పడుకుంటే నిద్ర రావాలిగా. సరే, నాది చాదస్తం అనుకుని కథ ఇంకొక్కసారి చెప్పు."

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "పోయినాయన ఈ షూటింగు రేంజి కాపలాదారు. ఇక్కడే గదిలో ఉంటాడు, వెనకా ముందూ ఎవరూ లేరు. అందరూ గంటాయన అంటారు. వరండాలో షూటరు మీట నొక్కితే ఇక్కడ గంట ఒకసారి మోగుతుంది. కాల్చబోతున్నా అని అర్థం. ఈయన తిరిగి రెండుసార్లు మోగిస్తే, 'నేను చాటున ఉన్నా, కాల్చుకో' అని. మొన్న సెలవురోజు, రేంజి మూసుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎయిర్‌గన్నుతో ఎవరో కాల్చారు. గుండు బోర్డు చీల్చుకుని మెడలో దిగింది. టీ వేళకి నీళ్ళ ట్యాంకరు డ్రైవరొచ్చి చూశాడు."

"ఎయిర్‌గన్నుతో అంత పనవుతుందా?"

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి రెండు సీసం ముక్కలు తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. "ఇది పెల్లెట్. నడుము సన్నం, వెనక బోలుగా పావడాలా ఉంటుంది. తేలిక. ఆ పావడాని గాలి పట్టుకుంటుంది కాబట్టి తిన్నగా పోతుంది గానీ, ఇంత దూరం వచ్చేసరికి దానికి ఓపిక అయిపోతుంది. చిన్న గాలొచ్చినా పక్కకి పోతుంది. ఇంత మందం చెక్కని దాటలేదు. ఇది స్లగ్గు. గట్టి ముద్ద, తూటాలాగే. గాలిని లెక్కచెయ్యదు, దూరమైనా దమ్ము తగ్గదు. ఈ క్లబ్బులో స్లగ్గులు కాల్చేది ఒక్కతే, పళ్ళమ్మాయి. కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో పనిచేస్తుందిలే, అందుకని ఆ పేరు. పెల్లెట్ల వాళ్ళు ఆమెతో ఒక బల్ల దగ్గర టీ కూడా తాగరు."

"కారణం?"

"స్లగ్గులు వెనకగోడ దాటి పోతున్నాయి, ఎవరో ఒకరు పోతారు అని గంటాయన కమిటీకి చెప్పాడు. వచ్చేవారం పోటీల్లో స్లగ్గుల విభాగం ఎత్తేశారు. రెండేళ్ళుగా ఆ పోటీ కోసమే ఉన్న మనిషి ఆమె. అందరి ముందూ గంటాయన మీద అరిచి వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా ఇది. మొన్న మధ్యాహ్నం ఎక్కడున్నావంటే ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నానంటోంది. సాక్షి లేడు. ఇంకేం కావాలి?"

డిటెక్టివ్ లేచి బోర్డు ముందు వైపుకి వెళ్ళాడు. ముందు వైపంతా సొట్టలే. వందలు, ఒకదాని మీద ఒకటి. ఒక్కటి కూడా వెనక్కి దాటలేదు. మధ్యలో రూపాయి బిళ్ళంత తెల్లరంగు చుక్క. రంగు పాతబడితే మళ్ళీ మళ్ళీ వేసినట్టు దళసరిగా ఉంది. సొట్టలు ఆ చుక్కకి రెండు వైపులా, ఒలికిన ఆవాల్లా జానెడు దూరం చెదిరి ఉన్నాయి. మనిషి ప్రాణం తీసిన కన్నం మాత్రం చుక్క అంచుని ఒరుసుకుంటూ ఉంది.

"ఈ చుక్కేంటి?"

"ఎవరో పిల్లలు వేసుంటారు."

"పిల్లలు వేసిన చుక్కకి ఏటా రంగు ఎవరు వేస్తారు?" అని, జవాబు కోసం ఆగకుండా ఇంకో ప్రశ్న వేశాడు. "పక్కనే సిమెంటు గొయ్యి ఉంది కదా, కాపలాదారు దాక్కోడానికే కట్టించింది. గంట మీట గోతిలోనూ ఉంది, కుర్చీ దగ్గరా ఉంది. రెండు గంటలు వినపడితే మనిషి గోతిలో ఉన్నాడో కుర్చీలో ఉన్నాడో అక్కణ్ణించి ఎవరికీ తెలీదు. మరి చంపాలనుకున్నామె బోర్డుని ఎందుకు కాల్చింది?"

"గుడ్డిగా కాల్చుంటుంది. తగిలింది."

"గుడ్డిగా కాలిస్తే చుక్క పక్కనే తగిలిందా? బాగుంది. స్లగ్గు ఫోటో ఉందా?"

ఇన్‌స్పెక్టర్ విసుక్కుంటూ ఫోన్ తీశాడు. ఎముకకి కొట్టుకుని ముందు భాగం పువ్వులా విచ్చుకుంది. అడుగు భాగం చెక్కుచెదరలేదు. ఆ అడుగు మధ్యలో ఒక చిన్న గుండ్రటి గుంట, అచ్చు గుద్దినట్టు.

"ఈ గుంట?"

"ఎముకకి తగిలుంటుంది."

"ముందుకి దూసుకుపోయేది వెనకనించి ఎముకకి తగిలిందా? కొత్త విషయం. రాసుకుంటాను."

ఇన్‌స్పెక్టర్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. "చూడండి, ల్యాబు రిపోర్టుకి మూడు వారాలు పడుతుంది. అన్నీ అందులో తేలతాయి. అంతవరకూ ఆమె లోపలుంటుంది. ఆమె కోసం ఏడ్చేవాళ్ళు కూడా ఎవరూ లేరు."

"అదే నా బాధ," అన్నాడు డిటెక్టివ్. "ఒక్క పది నిమిషాలు ఆ అమ్మాయితో మాట్లాడనీ."

బావమరిది వరండా వైపు చూశాడు. "పది నిమిషాలే. అది కూడా అక్క మొహం చూసి," అని టోపీ పెట్టుకున్నాడు.

వెళ్ళేముందు డిటెక్టివ్ గోతిలోకి కూడా ఒకసారి తొంగిచూశాడు. చెమ్మ వాసన. గోడకి ఒక స్పీకరు. వరండాలో మైకు ఉంది, అటువాళ్ళు మాట్లాడితే ఇటు వినిపిస్తుంది. ఇటునించి మాట అటు పోదు, గంట తప్ప. తన ఇంట్లో టీవీకీ తనకీ మధ్య వ్యవహారం కూడా దాదాపు ఇలాంటిదేనని అతనికి అనిపించింది.

*

స్టేషన్లో పళ్ళమ్మాయి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది. ముప్పై దాటి ఉంటాయి. గోళ్ళ సందుల్లో తెల్లటి ప్లాస్టర్ పొడి ఇంకా వదల్లేదు. ఆర్నెల్ల కిందట డిటెక్టివ్ కింది దవడకి పన్ను చేసింది ఆ వేళ్ళే. ఒక ఫోన్ చేసుకోనిస్తే, అమ్మకో అన్నకో చేసుకోవాల్సింది పోయి, పన్ను కట్టించుకున్న పాపానికి తనకి చేసింది.

"నాకే ఎందుకు చేశావమ్మా?"

"కొలత ఇచ్చినరోజు మీ కార్డు మా ట్రేలో మర్చిపోయారు సార్. పర్సులో పెట్టుకున్నా. వేరే నంబరేదీ గుర్తుకు రాలేదు." ఆమె కాస్త ఆగింది. "పన్ను బాగుందా?"

"బ్రహ్మాండంగా నములుతోంది. మొన్న మధ్యాహ్నం ఎక్కడున్నావు?"

"ఇంట్లో. బట్టలుతుక్కుని పడుకున్నా. ఎవరూ రాలేదు. సెలవురోజు నాకెవరూ ఫోన్ కూడా చెయ్యరు సార్."

డిటెక్టివ్ తలూపాడు. మొన్న మధ్యాహ్నం నువ్వెక్కడున్నావని తననెవరైనా నిలదీస్తే తన దగ్గరా ఇంతకన్నా మంచి జవాబు లేదు. ఒక్కడే అన్నం వండుకున్నాడు, ఒక్కడే తిన్నాడు, కంచం కడిగి బోర్లించాడు. ఒంటరిగా బతికేవాళ్ళు ఏ నేరం చెయ్యకపోయినా రుజువు చేసుకోలేరు. ఆ మాట తోచగానే అతనికి ఈ పిల్ల మీద జాలికి బదులు ఏదో చుట్టరికం లాంటిది పుట్టుకొచ్చింది.

ఫోటో చూపించాడు. ఆమె చూడగానే మొహం మారిపోయింది. భయం పోయి పనిమంతురాలి చూపు వచ్చింది.

"ఇది నేను తుపాకీ గొట్టం కొలతకి దిద్దుకున్న స్లగ్గే సార్. కానీ నేను కాల్చింది కాదు. ఈ అడుగున గుంట చూశారా? ఇది గుండు పుల్లతో నొక్కిన గుంట."

"గుండు పుల్లంటే?"

"పెల్లెట్ వెనక పావడా డబ్బాలో ఒరుసుకుని సొట్ట పోతుంది. అందుకని పెల్లెట్ల వాళ్ళు కొందరు చివర చిన్న గుండున్న పుల్లతో దాన్ని గొట్టంలోకి నొక్కుతారు. పావడా మళ్ళీ గుండ్రంగా విచ్చుకుంటుంది. స్లగ్గుకి పావడా లేదు, అడుగు చదును. దాన్ని పుల్లతో నొక్కితే అడుగు పాడై గురి చెడుతుంది. స్లగ్గు తెలిసినవాళ్ళెవరూ ఆ పని చెయ్యరు. బొటనవేలితో నెడతాం, అంతే."

"అయితే చెయ్యి పెల్లెట్లది, గుండు స్లగ్గుది."

"నేనూ పెల్లెట్లతోనే నేర్చుకున్నా సార్. మాస్టారే నేర్పారు. ఆ పుల్ల అలవాటు మానడానికి చాలా రోజులు పట్టింది."

మాస్టారంటే క్లబ్బులో అందరికీ మాస్టారే. ముప్పై ఏళ్ళుగా పెల్లెట్ తప్ప ముట్టని మనిషి, గాలిని చదవడంలో ఆయన తర్వాతే ఎవరైనా అంటారు. పళ్ళమ్మాయి స్లగ్గులు పట్టిన రోజు నుంచీ ఆయన ఆమెతో మాట మానేశాడు.

"నువ్వు దిద్దిన స్లగ్గులు ఇంకెవరి దగ్గరైనా ఉన్నాయా?"

ఆమె నీళ్ళు నమిలింది. "పోయిన ఏడాది ఒక డబ్బా మాస్టారికి పట్టుకెళ్ళా. ఆకుపచ్చ మూత డబ్బా. ఒక్కసారి కాల్చి చూడండి మాస్టారూ, మీకు నచ్చకపోతే నేనే మానేస్తా అన్నా. అందరూ చూస్తుండగా చెత్తబుట్టలో పడేశారు. గాలిని చదవడం రానివాళ్ళకి సీసం ముద్దలు కావాలి, నాకెందుకు అన్నారు. ఆ రోజు ఇంటికెళ్ళే దాకా ఏడుస్తూనే ఉన్నా సార్. మా నాన్న తిట్టినా అంత ఏడవలేదు."

"నువ్వు కాలుస్తున్నప్పుడు గంటాయన ఎక్కడ కూచునేవాడు?"

"గోతిలో. నన్ను తిట్టుకుంటూ దిగేవాడు. మోకాళ్ళ నెప్పులు కదా, నాకే జాలేసి మధ్యలో ఆపి టీ పట్టుకెళ్ళేదాన్ని."

"కుర్చీలో కూచునేవాడు కాదా?"

"నేను స్లగ్గులు కాలుస్తుంటే కుర్చీలోనా? ప్రాణం మీద తీపి ఉన్నవాడెవడూ..."

ఆమె సగంలో ఆగిపోయింది.

"బోర్డు మీద తెల్ల చుక్క ఎవరిది?" అన్నాడు డిటెక్టివ్, గొంతు తగ్గించి.

ఆమె కళ్ళు నిండాయి. "గాలి చుక్క సార్. గురి కార్డు మీద కాల్చేముందు మాస్టారు ఆ చుక్కకి నాలుగు గుళ్ళు కాలుస్తారు. గాలి ఎంత తోస్తే పెల్లెట్ అంత పక్కకి తగులుతుంది. అది చూసి లెక్క కట్టుకుంటారు. టక్కుమని తగలగానే గంటాయన వెనక కుర్చీలో కూచుని ఒక గంట కొట్టేవాడు. సెలవురోజుల్లో వాళ్ళిద్దరే ఆడుకునేవాళ్ళు. ఇద్దరికీ ఇంకెవరూ లేరు." చటుక్కున ముందుకి వంగింది. "కానీ మాస్టారు స్లగ్గు ముట్టరు. చచ్చినా ముట్టరు. ఆయన పేరు బయటికొస్తే నేనే చంపానని సంతకం పెట్టేస్తా సార్, మీరు నేను చేసిన పన్ను ఊడబెరికి నా మొహాన కొట్టినా సరే."

డిటెక్టివ్‌కి నవ్వు రాబోయి ఆగిపోయింది. తనతో మాట కూడా మానేసిన ఒక ముసలాయన కోసం ఈ పిల్ల జైలుకి పోవడానికి సిద్ధంగా ఉంది. అలా తన కోసం సిద్ధపడే మనిషి ఒకరైనా ఉన్నారా అని వెతుక్కున్నాడు. దొరకలేదు.

*

బయట జీపు పక్కనే ఇద్దరూ గొంతులు పెంచారు.

"మాస్టారా?" ఇన్‌స్పెక్టర్ కళ్ళెర్రజేశాడు. "నాకు ట్రెయినింగులో గురి కుదరకపోతే ఇంటికి పిలిచి నేర్పిన మనిషి ఆయన. పూచికపుల్ల తీసుకోలేదు. ఆయన గంటాయన్ని చంపాడంటారా? చుక్క కోసం?"

"చంపాడని నేననలేదు. విను. గంటాయన ఎలాంటి మనిషి? స్లగ్గంటే ఆమడ దూరం పారిపోయే మనిషి. స్లగ్గులు ప్రాణం తీస్తాయని కమిటీకి చెప్పింది ఆయనే. అలాంటివాడు మొన్న దుప్పటి మడతపెట్టుకుని చెక్క బోర్డు వెనక నింపాదిగా కూచున్నాడంటే ఏంటి అర్థం? అటు కాల్చేది పెల్లెట్టని నమ్మాడు. ముప్పై ఏళ్ళుగా ఆ బోర్డు దాటి ఒక్కటీ రాలేదు కాబట్టి నమ్మాడు. ఆయన్ని అలా నమ్మించగల మనిషి ఈ క్లబ్బులో ఎంతమంది?"

ఇన్‌స్పెక్టర్ జీపు తలుపు మీద చెయ్యి వేశాడు.

"పళ్ళమ్మాయి వచ్చి గంట కొట్టుంటే ఆయన గోతిలో ఉండేవాడు, ఇప్పటికి బతికుండేవాడు. ఆ కుర్చీయే ఆమెకి సాక్షి. మాస్టారింటికి వెళ్ళు. ఆయన తుపాకీ గొట్టం మార్చాడేమో చూడు. స్లగ్గులకి వేరే గొట్టం కావాలి."

"ఊహలు చెప్పి నా గురువు ఇల్లు వెతకమంటారా? మీకేం, మీకు మనుషులు అక్కర్లేదు. కేసు దొరికితే చాలు. ఆ రోజూ అంతే కదా!"

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. "ఆ రోజు సంగతి నువ్వెంత తిట్టినా పడతాను," అన్నాడు. "ఈ అమ్మాయిని మాత్రం ఊరికే లోపలికి తోయకు. ఆమెకి కూడా పక్కన ఎవరూ లేరు రా."

'రా' అన్న మాట పొరపాటున జారింది. ఇద్దరూ విననట్టే ఊరుకున్నారు. బావమరిది జీపెక్కి తలుపు ధడాలున వేసుకున్నాడు. వెళ్తానని చెప్పలేదు, వెళ్ళనని కూడా చెప్పలేదు. చిన్నప్పట్నించీ వాడి పద్ధతే అంత.

*

రేంజికి తిరిగొచ్చేసరికి పగటి కాపలా కానిస్టేబుల్‌ని కోర్టు పనికి పిలిపించేసుకున్నారు. గేటు దగ్గరకి వేసి ఉంది. డిటెక్టివ్ పక్కదారిన నడిచి బోర్డు వెనక్కి వచ్చాడు. ఈసారి తటపటాయించలేదు. దుప్పటి పక్కకి తీసి కుర్చీలో కూచున్నాడు.

కూచోగానే ఒకటి అర్థమైంది. ఇక్కణ్ణించి ఏమీ కనపడదు. ముందు చెక్క, వెనక గడ్డి, పైన కాస్త ఆకాశం. ఇక్కడ కూచున్న మనిషికి తెలిసేదల్లా గంట, చెక్కకి తగిలే టక్కు. అవతల ఒక స్నేహితుడున్నాడని చెప్పే గుర్తులు ఆ రెండే. వారమంతా ఎవరూ పలకరించని ముసలాయన ఆ రెండు చప్పుళ్ళ కోసం దుప్పటి మడతపెట్టుకుని ఎదురుచూసి ఉంటాడు. కుర్చీ కాలి దగ్గర ఫ్లాస్కు, రెండు గ్లాసులు ఇంకా అలాగే ఉన్నాయి. రెండో గ్లాసు బోర్లించి ఉంది, కాల్చడం అయ్యాక అవతలాయన నడిచొచ్చి తాగడానికి.

ఫోన్ మోగింది.

"మాస్టారింట్లో ఉన్నా." బావమరిది గొంతు అదోలా ఉంది. "తలుపు తీసే ఉంది. మనిషి లేడు. మంచం కింద పాత గొట్టం ఉంది. నూనె రాసి, పసిపిల్లని చుట్టినట్టు తువ్వాల్లో చుట్టి పెట్టాడు. బల్ల మీద ఆకుపచ్చ మూత డబ్బా. సగం ఖాళీ."

"చెత్తబుట్టలోంచి తీసుకున్నాడన్నమాట. అందరూ వెళ్ళిపోయాక."

"తుపాకీ ఇంట్లో లేదు." అటువైపు ఊపిరి బరువెక్కింది. "బావా, నువ్వెక్కడున్నావ్?"

నాలుగేళ్ళ తర్వాత ఆ పిలుపు. డిటెక్టివ్ జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు.

చెవి పక్కనే గంట మోగింది. ఒక్కసారి.

అతను కుర్చీలోంచి పక్కకి దొర్లి, మోకాళ్ళని పట్టించుకోకుండా సిమెంటు గోతిలోకి జారాడు. మోచెయ్యి చీరుకుపోయింది. ఫోన్ మాత్రం వదల్లేదు.

"బావా? ఏంటా చప్పుడు? బావా!"

"ఆయనిక్కడే ఉన్నాడు. వరండాలో," గుసగుసగా అన్నాడు. "నోరు మూసుకుని విను."

తల పైకెత్తలేదు. గోడ మీద గంట మీట అతని మొహానికి ఎదురుగా ఉంది. జవాబు ఇవ్వకపోతే ఏమవుతుందో తెలుసు. ఆయన కాసేపు కూచుని, తుపాకీ సర్దుకుని ఇంటికెళ్ళిపోతాడు. సాయంత్రానికి పళ్ళమ్మాయి జైలుకి పోతుంది. డబ్బా ఎక్కడో దొరికిందంటాడు, గొట్టం ఎప్పుడో కొన్నానంటాడు, మాస్టారి మాట కాదనేవాళ్ళు ఉండరు. జవాబిస్తే మాత్రం, అటున్న మనిషి ఏం చేస్తాడో దేవుడికే తెలియాలి. డిటెక్టివ్ చెయ్యి చాచి మీట నొక్కాడు. రెండుసార్లు.

తర్వాత స్పీకరు గరగరమంది.

"ఏరా..." ముసలి గొంతు. ఆ గొంతులో భయం లేదు, ఎప్పట్నించో ఎదురుచూసినదేదో దొరికినట్టుంది. "ఏరా గంటాయనా, వచ్చావా?"

డిటెక్టివ్ ఫోన్‌ని స్పీకరుకి దగ్గరగా పట్టుకున్నాడు.

"నిన్న రాత్రి కూడా కొట్టాను రా. పలకలేదు నువ్వు. మొన్న కూడా... ఆ రోజు టక్కుమనలేదు రా చెక్క. నాకు వినపడలేదేమో అనుకున్నా. మళ్ళీ కొట్టా, మళ్ళీ కొట్టా. నువ్వు నిద్రపోయావేమో అనుకున్నా." మాట తెగింది. ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "చూపు తగ్గింది రా నాకు. గాలిని చదవలేకపోతున్నా. వచ్చేవారం అందరి ముందూ ఓడిపోతానని భయమేసింది. ఎవరికీ తెలీకుండా కాలుద్దామని, పోయిన ఏడాది చెత్తబుట్టలోంచి తీసి దాచుకున్న డబ్బా తెరిచాను. నీకు చెప్పాలనే అనుకున్నా. సిగ్గేసింది. నువ్వు నవ్వుతావని సిగ్గేసింది రా."

స్పీకరులో గాలి చప్పుడు, దాని వెనక ఇనప గడియ వెనక్కి లాగి ముందుకి నెట్టిన చప్పుడు. గుండు గొట్టంలోకి వెళ్ళింది.

"ఇవాళ కుర్చీలో కూచోకు," అన్నాడు మాస్టారు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు మెల్లిగా. "గోతిలోకి దిగు. చెప్తున్నా కదా, దిగి కూచో. ఇవి పెల్లెట్లు కావు రా."

పైన బోర్డు ఒక్కసారి వణికింది. చెక్క పొడి డిటెక్టివ్ జుట్టు మీద రాలింది. ఖాళీ కుర్చీ వీపుకి ఏదో తగిలి ఖంగుమంది.

ఫోన్‌లో బావమరిది ఏడుస్తున్నాడో ఊపిరి పీలుస్తున్నాడో తెలియలేదు. "విన్నాను బావా, మొత్తం విన్నాను," అన్నాడు చివరికి. "ఆ అమ్మాయిని వదిలేస్తాను. బయల్దేరా, దార్లో ఉన్నా. నువ్వు అక్కణ్ణించి కదలకు."

స్పీకరులో మళ్ళీ గడియ చప్పుడు, ఆ వెంటనే గంట మోగింది. ఒక్కసారి. ఒక్క క్షణం ఆగి మళ్ళీ. ఆగి మళ్ళీ. మొన్న మధ్యాహ్నం కూడా ఇలాగే మోగి ఉంటుంది. అప్పుడు మీట నొక్కడానికి ఇక్కడ ఎవరూ లేరు.

జీపు వచ్చేదాకా ఆగడం తెలివైన పని. కానీ ఈ గంటకి జవాబు లేకపోతే అటున్న మనిషి ఆ తుపాకీతో ఏం చేసుకుంటాడోనని డిటెక్టివ్‌కి భయమేసింది. ఒక మనిషి పిలిచినప్పుడు పక్కన లేకపోవడం ఎలా ఉంటుందో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

"ఒరేయ్," అన్నాడు ఫోన్‌లో, "లైన్లోనే ఉండు. పెట్టెయ్యకు."

"బావా, వద్దు! ఆయన కళ్ళకి నువ్వు—"

"తెలుసు. పెట్టెయ్యకు రా."

మీట రెండుసార్లు నొక్కి, ఫోన్ చొక్కా జేబులో వేసుకుని, రెండు చేతులూ పైకెత్తి అతను గోతి మెట్లెక్కడం మొదలుపెట్టాడు. వంద మీటర్ల అవతల, చూపు సరిగా ఆనని ఒక ముసలాయన గుండు పెట్టిన తుపాకీతో తన స్నేహితుడు పైకొస్తాడని ఎదురుచూస్తున్నాడు.